ఉద్యోగం వచ్చేదాకా ఊపు తగ్గకుండా ఉండాలంటే లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?

డమ్మీ_పేజీ:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నాది పేజినేషన్ పని. పత్రిక డెస్కులో పేజీలు పెట్టేవాణ్ణి. ఎడిషన్లు కుదించుకుంటూ వచ్చి ఆఖరికి మా డెస్కే తీసేశారు. వయసు నలభై దాటింది. అమ్మాయి కాలేజీలో ఉంది, మా ఆవిడకి ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు గడుస్తోంది. అందుకని ఈ ప్రశ్న డబ్బు గురించి కాదు. పొద్దున్న లేచాక ఏం చేయాలన్నదాని గురించి.

డెస్కులో ఉన్నన్నాళ్లూ నన్ను నేను హుషారుగా ఉంచుకోవాలన్న ఆలోచనే రాలేదు. టైముకి పేజీ వెళ్లాలి, అంతే. ఇంకాసేపట్లో పేజీ వదలాలనగా ప్రకటన వచ్చి పడుతుంది. రెండు కాలాల వార్తని ఒక కాలంలోకి కుదించాలి. నిలువు ఫోటో అడిగితే అడ్డం ఫోటో పంపుతారు. తిట్టుకుంటూనే చేస్తాం. పేజీ ప్రెస్సుకి వెళ్లిపోయాక కుర్చీలో వెనక్కి వాలితే అదో తృప్తి. మర్నాడు మళ్లీ ఖాళీ పేజీ. ఇన్నేళ్లూ నాకు లక్ష్యాలు పెట్టింది వేరేవాళ్లని ఇప్పుడు తెలిసొస్తోంది.

ఇంట్లో కూర్చున్నాక వ్యక్తిత్వ వికాసం వీడియోలు చాలా చూశాను. అందరిదీ ఒకటే పాట. లక్ష్యం రాసుకో, గోడకి అంటించు, లేవగానే చూసుకో, సాధించేసినట్టు ఊహించుకో. నా పనే పేజీలు పెట్టడం కదా, ఏ3 సైజులో చక్కగా డిజైన్ చేసి మరీ అంటించాను. నాలుగు శీర్షికలు: మంచి ఉద్యోగం, యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకి తేలిగ్గా ఉండేలా రూపొందించడం) నేర్చుకోవడం, ఇంగ్లిష్ మెరుగుపరచుకోవడం, బరువు తగ్గడం. అడుగున పట్టీలో ‘ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండాలి’. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. మొదట్లో ఊపు కూడా వచ్చింది. పోనుపోను అటు చూడాలంటేనే చిరాకు. ఆ గది దాటేటప్పుడు తల పక్కకి తిప్పుకుని వెళ్తున్నాను.

రోజు ఎలా పోతోందో చెప్తాను. ఒక దరఖాస్తు పంపాలనుకుంటాను. టైము బోలెడు ఉంది కదా, పదకొండింటికి మొదలెడదాం అనుకుంటాను. ఈలోగా ఫోను. ఈలోగా ఎవరో తలుపు కొడతారు. రెజ్యూమె తెరిచి ఫాంటు మారుస్తాను, మార్జిన్లు సరిచేస్తాను (ఇది మాత్రం ఎంతసేపైనా చేయగలను), మూసేస్తాను. సాయంత్రం ఆవిడ వచ్చి ‘ఇవాళ ఏం చేశావ్’ అని అడుగుతుంది. మామూలుగానే అడుగుతుంది, అందులో ఎత్తిపొడుపు లేదు. నేనే జవాబు వెతుక్కోవాల్సి వస్తోంది. రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాను, కానీ ఇదిగో ఇది చేశాను అని చూపించడానికి ఏమీ మిగలదు.

ఉద్యోగం రావడం నా చేతిలో లేదు. అలాంటప్పుడు దాన్ని లక్ష్యంగా పెట్టుకోవడంలో అర్థం ఉందా? పాజిటివ్‌గా ఉండటాన్నే లక్ష్యం చేసుకోవచ్చా? ఒకేసారి ఎన్ని పెట్టుకోవాలి, మధ్యలో నాలుగు రోజులు తెగిపోతే మళ్లీ ఎక్కడ మొదలెట్టాలి? కొటేషన్లు మాత్రం వద్దు దయచేసి. పేజీలో జాగా మిగిలినప్పుడల్లా నేను నింపింది వాటితోనే.

విజయపథం99:

సార్, అస్సలు కంగారు పడకండి. 1953లో యేల్ యూనివర్సిటీలో చదువు ముగిస్తున్న విద్యార్థుల్ని ‘మీ లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారా’ అని అడిగితే 3 శాతం మందే అవునన్నారట. ఇరవై ఏళ్ల తర్వాత లెక్క తీస్తే ఆ 3 శాతం మంది ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తినంతా కలిపినా ఎక్కువే ఉందట! రాతకున్న బలం అది. మీరు ఇంకా పెద్ద సైజులో ప్రింట్ తీయించండి. రోజూ అద్దం ముందు నిలబడి గట్టిగా చదవండి. గెలుపు మీదే.

గుణకారం:

విజయపథం గారూ, ఆ యేల్ కథ జరగనే లేదండీ. మా స్కూలుకి ప్రతి ఏడూ ఎవరో ఒక వక్త వచ్చి ఇదే చెబుతాడు. ఒకాయన యేల్ అంటాడు, ఇంకో ఆయన హార్వర్డ్ అంటాడు, శాతాలు మాత్రం మారవు. 1996లో అమెరికాలో ఒక వ్యాపార పత్రిక దీని పుట్టుక కోసం ఆరా తీసింది. చెప్పిన వక్తల్ని అడిగింది, యేల్ వాళ్లనీ అడిగింది. అలాంటి అధ్యయనం ఎక్కడా దొరకలేదు. కాబట్టి పెద్ద ప్రింట్ అక్కర్లేదు.

ఇక డమ్మీ పేజీ గారికి. నేను లెక్కల టీచర్ని. లక్ష్యాల మీద నిజంగా జరిగిన పరిశోధన చాలానే ఉంది. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే ఇద్దరు దశాబ్దాల తరబడి దీని మీదే పనిచేశారు. ‘నీకు చేతనైనంత చెయ్యి’ అని వదిలేయడం కంటే, కచ్చితంగా ఇంత అని కాస్త కష్టమైన లక్ష్యం పెడితే పని ఎక్కువ జరుగుతుందని తేల్చారు. వక్తలు ఇక్కడితో ఆపేస్తారు. కానీ వాళ్లిద్దరూ షరతులు కూడా చెప్పారు. ఆ పని చేసే సత్తా మనకుండాలి, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో తెలుస్తూ ఉండాలి. పైగా పని బొత్తిగా కొత్తదైతే, ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం బెడిసికొడుతుంది. అప్పుడు ఫలానాది సాధిస్తాను అని కాకుండా ఫలానా పద్ధతి నేర్చుకుంటాను అని పెట్టుకోవాలి. పేజీలు మీకు కొట్టినపిండి, యూఎక్స్ కొత్త. ఈ రెంటికీ ఒకే రకం లక్ష్యం పనికిరాదు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం 1981 నాటిది. ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ చేశారు. లెక్కల్లో వెనకబడి, లెక్కలంటేనే మొహం తిప్పుకునే పిల్లలు, ఏడు నుంచి పదేళ్ల లోపు వాళ్లు. వాళ్లకి 42 పేజీల తీసివేతలు ఇచ్చారు, ఏడు పూటల్లో చేయడానికి. కొందరికి ‘పూటకి ఆరు పేజీలు చేద్దాం’ అన్నారు. కొందరికి ‘ఏడు పూటలూ అయ్యేసరికి 42 పేజీలూ పూర్తి చేద్దాం’ అన్నారు. ఇంకొందరికి లక్ష్యమే చెప్పలేదు. ఆరేళ్లు నలభై రెండు, లెక్క ఒకటే కదా! కానీ పూటకి ఆరు అన్న పిల్లలే బాగా నేర్చుకున్నారు, ఇది నాకొచ్చు అన్న నమ్మకం వాళ్లకే పెరిగింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే లెక్కలు ముందేసుకుని చేసిందీ వాళ్లే. 42 పేజీల దూరపు లక్ష్యం పెట్టుకున్నవాళ్లు, లక్ష్యమే లేనివాళ్ల కంటే పెద్దగా మెరుగు పడలేదు.

నా క్లాసులో రోజూ చూసేదీ ఇదే. 500లోంచి 237 తీసేయమంటాను. సున్నాలోంచి ఏడు పోదు. అప్పు కోసం పదుల స్థానానికి వెళ్తే అక్కడా సున్నాయే. పిల్లాడు పెన్సిల్ కొరుకుతూ కిటికీలోంచి చూడటం మొదలెట్టేది సరిగ్గా అక్కడే. ‘నెలాఖరుకి మీకు తీసివేతలు వచ్చేయాలి’ అని నేను బోర్డు మీద రాస్తే వాడికి ఒరిగేదేం లేదు. ‘ఇవాళ వందల స్థానం నుంచి పదుల స్థానానికి అప్పు దించడం ఒక్కటే, జవాబు రాయనక్కర్లేదు’ అంటే చేస్తాడు. 5 కొట్టేసి 4 వేస్తాడు, సున్నా పక్కన ఒకటి చేర్చి పది చేస్తాడు. ఇంకో లెక్క ఇవ్వండి టీచర్ అంటాడు. ముందు ఉత్సాహం తెచ్చుకుని తర్వాత లెక్క చేసిన పిల్లాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

మీ గోడ మీదున్నవి నాలుగూ 42 పేజీల లెక్కలే. పైగా మొదటిది మీ లెక్క కూడా కాదు, ఇంకెవరో కూర్చుని తేల్చేది. ఇలా చేసి చూడండి. మీరు పెట్టిన పాత పేజీ ఒకటి తీయండి. దాన్ని ఫోన్ తెర మీద చదివేలా మార్చండి. ఒక రోజు హెడ్డింగు మాత్రమే. ఇంకో రోజు ఫోటో, దాని కింద రాత. మరో రోజు బాక్సు ఐటమ్‌ని ఎక్కడ పెట్టాలో. అది మీకొచ్చిన పనీ, కొత్త పనీ కలిసేచోటు. అయ్యాక పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చు కూడా. బరువూ ఇంగ్లిషూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒకేసారి ఎన్ని అన్నారు, ఒకటి. మహా అయితే ఒకటిన్నర.

బీరువా_తాళం:

టీచర్ గారు పని గురించి చెప్పారు, నేను టైము గురించి చెప్తాను.

మీరు రాసిన ‘ఈలోగా’ చదవగానే నాకు మారియెంతాల్ గుర్తొచ్చింది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకుల బృందం వెళ్లి, పని లేకపోతే మనిషికి ఏమవుతుందో దగ్గరుండి చూసి 1933లో అచ్చువేసింది. ఒక్కొక్కరికీ గంటల గడులున్న కాగితం ఇచ్చి రోజంతా ఏం చేశారో రాయమన్నారు. మగవాళ్లకి గుర్తే రాలేదు. ఒకాయన ఒక గడిలో, ఈలోగా మధ్యాహ్నమవుతుందని రాసి ఊరుకున్నాడు. వీధిలో నడిచేవాళ్లని కిటికీలోంచి చూసి వేగం లెక్కగట్టారు. ఆడవాళ్లు గబగబా నడిచారు, వాళ్లకి ఇంటిచాకిరీ తప్పలేదు మరి. మగవాళ్లు అడుగడుక్కీ ఆగారు.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను కాబట్టి ఇంకో వివరం నన్ను వదల్లేదు. ఆ ఊళ్లో కార్మికుల గ్రంథాలయం ఉండేది. పని పోయాక రుసుము కూడా తీసేశారు. ఇంత తీరిక, పైసా ఖర్చు లేదు, అందరూ తెగ చదివేయాలి కదా? పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. యహోదా ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఇదే చెబుతూ వచ్చారు. ఉద్యోగం జీతంతో పాటు రోజుకో ఆకారం ఇస్తుంది, నలుగురితో మాటలు కలుపుతుంది, ఎవరికో పనికొస్తున్నామన్న భావన ఇస్తుంది. అది పోయినప్పుడు ఇవన్నీ కట్టగట్టుకుని పోతాయి. అంచేత మీకు జరుగుతున్నది బద్ధకం కాదు. అలా పేరు పెట్టుకోకండి.

చేయాల్సింది పెద్ద టైంటేబుల్ వేయడం కాదు. రోజులో ఒక్క గడి కదలకుండా బిగించడం. ‘పదకొండింటికి మొదలెడదాం’ అన్నది కోరికే గానీ ఏర్పాటు కాదు. పీటర్ గోల్విట్సర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1997లో ఒక ప్రయోగం అచ్చువేశారు. విద్యార్థుల్ని క్రిస్మస్ ముందురోజు ఎలా గడిచిందో 48 గంటల్లో రాసి పంపమన్నారు. సగం మందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసివ్వమన్నారు. అలా రాసిచ్చినవాళ్లలో నూటికి 70 మంది దాకా టైముకి పంపారు. మిగతావాళ్లలో 30 చిల్లర. తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది: ఫలానాది జరగగానే, ఫలానా చోట, ఫలానా పని. గడియారం కంటే ఇంట్లో తప్పకుండా జరిగే సంఘటనకి ముడిపెడితే ఇంకా నయం.

ఇంకోటి, వారంలో ఒక్కసారైనా మీ పని ఇంకో మనిషి చూసేలా ఏర్పాటు చేసుకోండి. డెస్కులో పేజీ చూడ్డానికి సబ్ ఎడిటర్ ఉండేవాడు కదా.

రాత్రి_షిఫ్ట్:

ఇంత పరిశోధన ఎందుకన్నా. 21 రోజులు వరసగా ఏదైనా చేస్తే అలవాటైపోతుంది. కేలండర్లో ఇంటూ కొట్టుకుంటూ పో. ఒక్క రోజు తెగిందా, మళ్లీ ఒకటి నుంచి లెక్క.

నిదానం:

రాత్రి షిఫ్ట్ గారూ, ఆ ఆఖరి మాటే మనుషుల్ని ముంచుతోంది. 21 అన్నది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్ల గురించి రాసిన మాట. ముఖం మారాక అద్దంలో కొత్త రూపానికి అలవాటుపడటానికి కనీసం ఆ మాత్రం పడుతుందన్నాడు. ‘కనీసం’ రాలిపోయి మిగతాది ఊరంతా తిరిగింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో 12 వారాలు నిజంగానే కొలిచింది, 2010లో అచ్చయింది. ఆ కొలతల్ని బట్టి అంచనా కడితే, అలవాటు కుదురుకోవడానికి పట్టే కాలం ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది, మధ్యస్థం 66. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్ద తేడా రాలేదు. కాబట్టి తెగితే ఒకటి నుంచి కాదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే.

డమ్మీ పేజీ గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుని. పాజిటివ్‌గా ఉండటాన్ని లక్ష్యం చేసుకోవచ్చా అన్నారు. వద్దంటాను. ఆ పట్టీ మీతో రోజూ ఒక పరీక్ష రాయిస్తోంది: ‘ఇప్పుడు పాజిటివ్‌గా ఉన్నానా?’ చూసుకున్న ప్రతిసారీ మార్కులు తగ్గుతాయి. ఐరిస్ మాస్ బృందం 2011లో చూపింది ఇదే. సంతోషం ఎంత గొప్పదో ముందుగా చదివించి, తర్వాత సరదా వీడియో చూపిస్తే, అది చదివినవాళ్లు చదవనివాళ్ల కంటే తక్కువ ఆనందపడ్డారు.

సాధించేసినట్టు ఊహించుకోమన్న సలహాకీ ఇలాంటి చిక్కే ఉంది. గాబ్రియేల్ ఓటింగెన్ 1991 నుంచీ ఈ విషయం తవ్వుతున్నారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల్లో, తగ్గగలనన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నబడ్డాక ఎలా ఉంటుందో తీపి తీపిగా ఊహించుకున్నవాళ్లు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. ఊహించుకోవాలనిపిస్తే ఊహించుకోండి, కానీ వెంటనే ‘దీనికి నాలో అడ్డమేంటి’ అని కూడా అడగండి. మీ విషయంలో జవాబు మీరే రాసేశారు. దరఖాస్తు తెరవగానే మీ చెయ్యి మార్జిన్ల మీదకి పోతోంది. ఎవరో చదివి వద్దంటారన్న భయం ఉన్నప్పుడు, మనకి బాగా వచ్చిన పనిలో తలదాచుకుంటాం. తప్పేం కాదు, తెలిసుంటే చాలు.

మా దగ్గర దిగులుకి చేసే చికిత్సల్లో ఒకటి పనితో మొదలవుతుంది. పీటర్ లెవిన్సన్ 1970ల్లో దీన్ని రూపుదిద్దారు. మనసు బాగయ్యాక పని చేద్దాం అని ఎదురుచూడం. చిన్న పని షెడ్యూల్లో పెట్టి, ఎలా ఉన్నా చేసి, దాని పక్కన అప్పుడు మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయిస్తాం. రెండు మూడు వారాల కాగితాలు పక్కపక్కన పెడితే ఏ పని తర్వాత అంకె పెరుగుతోందో కనిపిస్తుంది. చాలామందికి తాము అనుకున్న పని అందులో ఉండదు.

ఒక హెచ్చరిక కూడా. రెండు వారాలకి పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోయినా, దానికి తోడు నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, నేనెందుకూ పనికిరాను అన్న మాట లోపల తిరుగుతున్నా, లక్ష్యాల సంగతి తర్వాత, ముందు డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే. మీ రాతలో అలా కనిపించలేదు, అయినా చెప్పడం నా ధర్మం.

డమ్మీ_పేజీ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిదానం గారూ, నిద్ర బాగానే పడుతోంది, మీరు చెప్పినంత దూరం వెళ్లలేదు. మార్జిన్ల సంగతి మాత్రం చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మారియెంతాల్ ముక్క ఆవిడకి చదివి వినిపించాను. ‘గబగబా నడిచిన ఆడవాళ్లు’ దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఆ మీద జరిగిన చర్చ ఇక్కడ రాయను.

గోడ మీది కాగితం తీసేశాను. దాని వెనకవైపు ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి:

ఆవిడ ఆఫీసుకి బయల్దేరి తలుపు వేయగానే, కంప్యూటర్ ముందు కూర్చుని పాత పేజీలో ఒక్క ముక్క ఫోన్ తెరకి మారుస్తాను. గంటన్నర. ముక్క పూర్తికాకపోయినా గంటన్నరకి లేస్తాను.

మంగళ, శుక్రవారాల్లో ఆ గంటన్నర అయ్యాక ఒక దరఖాస్తు. రెజ్యూమె తెరవను, పీడీఎఫ్ చేసి పెట్టేశాను, ఇక ఫాంటు మార్చడానికి వీల్లేదు.

ఆ టైములో ఫోను ముట్టుకోకూడదు. వచ్చే జవాబు గురించి ఆలోచించకూడదు.

సాయంత్రం ఆవిడ వచ్చేలోపు ఒక్క లైను: ఇవాళ ఏం పూర్తయింది. పక్కన అంకె.

గుణకారం:

మొదటిది, రెండోది బాగున్నాయి. గంటన్నరకి లేస్తాను అన్నది మరీ బాగుంది, దాన్ని వదలకండి.

మూడోది మార్చాలి. రెండూ ‘కూడదు’లే. స్వీడన్‌లో 1,066 మంది కొత్త సంవత్సరం తీర్మానాలను ఏడాది పాటు గమనించి 2020లో అచ్చువేశారు. ‘ఇది చేస్తాను’ అని పెట్టుకున్నవాళ్లలో 58.9 శాతం మంది నిలబెట్టుకున్నామన్నారు, ‘ఇది మానేస్తాను’ అన్నవాళ్లలో 47.1 శాతం. ఫోను ముట్టుకోకూడదు అని రాస్తే గంటన్నరసేపూ ఫోను గురించే కాపలా కాయాలి. ‘కూర్చునే ముందు ఫోను పక్కగదిలో పెడతాను’ అని రాయండి. అది చేసి మర్చిపోయే పని. జవాబు గురించి ఆలోచించకూడదు అన్నది ఎవరివల్లా కాదు. దానికి బదులు ‘పంపగానే కంపెనీ పేరు, తేదీ పట్టికలో రాస్తాను, పది రోజులకి ఒక గుర్తుచేసే మెయిల్ పెడతాను’ అనండి. ఆలోచన వస్తే పట్టికలో తేదీ చూసుకుంటారు, అంతే.

నాలుగోది నాకు తెలిసి అన్నిటికంటే ముఖ్యం. థెరీసా అమబైల్, స్టీవెన్ క్రేమర్ 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించారు, దాదాపు 12,000 రోజువారీ రాతలు పోగయ్యాయి. మంచి రోజు అనిపించిన రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిందేమిటంటే, తమకి ముఖ్యమనిపించిన పనిలో కాస్తయినా ముందుకెళ్లడం. ఆ లైను నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద పెట్టండి.

బీరువా_తాళం:

ఏమైంది సార్? పేజీ ఎంతవరకు వచ్చింది?

డమ్మీ_పేజీ:

హెడ్డింగు దగ్గరే ఉన్నాను. ఒక్క పూటలో అయిపోతుందనుకున్నది సాగుతోంది, కానీ విసుగు రాలేదు. విషయం చెప్తాను, మీకు ఆసక్తి ఉండొచ్చు.

పేపర్లో పెద్ద హెడ్డింగుకి లైన్ల మధ్య ఎడం బాగా నొక్కేవాళ్లం. ఏ అక్షరం ఎక్కడ తగులుతుందో కంటితో చూసి చేత్తో జరిపేవాళ్లం, అవసరమైతే మాటే మార్చేవాళ్లం. ఫోన్లో అలా కుదరదు. తెర వెడల్పుని బట్టి లైను ఎక్కడ విరుగుతుందో మన చేతిలో ఉండదు. నా హెడ్డింగులో ‘రాష్ట్రంలో’ ఉంది. ష కింద ట వత్తు, దానికి ర వత్తు. అవి రెండూ కిందికి దిగి రెండో లైన్లో ఉన్న ‘నీటి’ మీది గుడిలో దూరిపోయాయి. చిన్న తెర ఉన్న ఫోన్లో పెడితే ఏది వత్తో ఏది గుడో తెలియట్లేదు. ఇంగ్లిష్ కోసం కట్టిన మూసల్లో ఎడం అక్షరం సైజుకి 1.2 రెట్లు ఉంటోంది. తెలుగుకి అది చాలదు. 1.5 పెట్టాను, తగలడం తగ్గింది కానీ హెడ్డింగు విడిపోయినట్టుంది. ఇప్పుడు అక్షరం సైజు కాస్త తగ్గించి 1.4తో చూస్తున్నాను.

నిన్న పంపిన దరఖాస్తులో ఈ రెండు తెరలూ పక్కపక్కన పెట్టి, కింద మూడు లైన్లలో ఏం మార్చానో రాశాను. పట్టికలో తేదీ వేసుకున్నాను.

బీరువా_తాళం:

సార్, మా గ్రంథాలయం వెబ్‌సైటులో పుస్తకాల పట్టిక అచ్చం ఇలాగే ఉంది. ఫోన్లో తెరిస్తే పేర్లు ఒకదానిలో ఒకటి దూరిపోయి పాఠకులు కౌంటర్ దగ్గరికొచ్చి అడుగుతున్నారు. సైటు చూసే కుర్రాడికి తెలుగు చదవడం రాదు, అతనికి తేడా కనిపించదు. మీరొకసారి చూసిపెడతారా?

డమ్మీ_పేజీ:

తప్పకుండా. పుస్తకం పేరు రెండు లైన్లకి మించిన చోట్లు ఓ నాలుగు, ఒక్క లైన్లో సరిపోయిన చోటు ఒకటి స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ఏ ఫోన్లో తీశారో కూడా రాయండి. శుక్రవారం దరఖాస్తు పంపాక కూర్చుంటాను.